గ్రానైట్ బురద రిపోర్టులో ఇనుము గడిని ఎలా చదవాలి

చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ కోసే ఫ్యాక్టరీల వెనక పేరుకుపోయే బూడిదరంగు బురదను ఇటుకల్లోనో కాంక్రీటులోనో కలపొచ్చా అని చూసే ప్రాజెక్టులు తిరుపతి కాలేజీలకు కొత్త కాదు. చాలామంది ముందు చేసే పని శాంపిల్‌ను ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు, అంటే ఎక్స్‌రేలు తగిలించి ఏ మూలకం ఎంతుందో చెప్పే పరీక్షకు, పంపడం. సిలికా ఇంత, అల్యూమినా ఇంత, ఫెర్రిక్ ఆక్సైడ్ ఇంత అని పట్టిక వస్తుంది, అది అలాగే థీసిస్‌లోకి ఎక్కుతుంది. అందులో ఇనుము గడిని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు.

ఎక్స్‌ఆర్‌ఎఫ్ మూలకాన్ని గుర్తుపడుతుంది గానీ అది ఏ రూపంలో ఉందో దానికి పట్టదు. బయోటైట్ అనే నల్ల అభ్రకంలో ఉన్నా, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజంలో ఉన్నా, ఉక్కు ముక్కలో ఉన్నా ఇనుము ఇచ్చే గీత 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే. సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ ఫెర్రిక్ ఆక్సైడ్‌గా మార్చి రాస్తుంది. గ్యాంగ్‌సాతో, అంటే వరసగా బిగించిన ఉక్కు బ్లేడ్లు ముందుకూ వెనక్కీ ఆడే రంపంతో, కోసే చోట నీళ్లలో ఉక్కు రవ్వ, సున్నం కలిపి రాయి మీద పోస్తారు. అరిగిన ఉక్కంతా చేరేది బురదలోకే. డైమండ్ బ్లేడ్ కట్టర్ దగ్గర ఈ గొడవ లేదు. అందుకే శాంపిల్ తెచ్చేటప్పుడు ముందు కనుక్కోవాల్సింది ఏ మిషన్ బురద అన్నదే.

బరువైన రవ్వ తొట్టిలో నీళ్లు పడే చోటే దిగిపోతుంది. ఒకే చోట తవ్వి తెస్తే లెక్క తప్పుతుంది. నాలుగైదు చోట్ల తీసి, కలిపి, 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, కుప్ప పోసి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకోవాలి. కావలసినంత తగ్గేదాకా ఇదే పని.

తర్వాత అయస్కాంతం. పొడిగా ఉన్న మెత్తని గుండలో పెడితే రాతి పొడి కూడా అంటుకొస్తుంది, నీళ్లలో కలిపి చేయండి. అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి ముంచితే, బయటికి తీశాక కవర్ లాగగానే రవ్వ ఊడి పడుతుంది. కడిగి, ఆరబెట్టి, తూచండి. అంతా ఉక్కే అనుకోవద్దు, రాతిలోని మాగ్నటైట్ కూడా వస్తుంది. ఆ రెంటినీ విడదీసి చెప్పేది ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రేలు ఏ కోణాల్లో (2θ) చెదిరి పీకులిస్తాయో చూసి ఖనిజాన్ని గుర్తుపట్టే పరీక్ష: రాగి ఎక్స్‌రే ట్యూబుతో లోహపు ఇనుము పీక్ 44.7 డిగ్రీల దగ్గర, మాగ్నటైట్ ప్రధాన పీక్ 35.4 దగ్గర.

ఈ పని ఎగ్గొట్టి ఎక్స్‌ఆర్‌ఎఫ్ కోసం నేరుగా ఫ్యూజ్డ్ బీడ్‌కు, అంటే పొడిని కరిగించి గాజు బిళ్ల చేయడానికి, వెళ్తే నష్టపోయేది ప్లాటినం క్రూసిబుల్. మామూలు పాళ్లు ఒక వంతు శాంపిల్‌కు పది వంతుల లిథియం టెట్రాబోరేట్, 1050 డిగ్రీల చుట్టుపక్కల పది పదిహేను నిమిషాలు. ఆ వేడిలో లోహపు ఇనుము ప్లాటినంతో కలిసిపోయి క్రూసిబుల్‌ను చెడగొడుతుంది. కరిగించకుండా పొడినే బిళ్లగా, అంటే పెల్లెట్‌గా, నొక్కితే ఆ భయం లేదు గానీ ఇంకో తిప్పలుంది. ఉక్కు రవ్వ కల్వంలో నలగదు, చదునవుతుంది. సిలికాన్ సంకేతం పెల్లెట్ పైనున్న కొద్ది మైక్రాన్ల నుంచే వస్తుంది, ఇనుముది అంతకన్నా బాగా లోతు నుంచి. పైన రెండు రవ్వలు పడ్డ పెల్లెట్‌కూ పడని దానికీ అంకెలు కలవవు. ఒకే పొడితో మూడు పెల్లెట్లు చేసి చూస్తే ఇది తెలిసిపోతుంది.

ఎక్స్‌ఆర్‌డీకి పొడి పది మైక్రాన్ల లోపు ఉంటే మంచిది. 325 మెష్ జల్లెడ దిగితే చాలనుకుంటారు, అది 45 మైక్రాన్లే. ఖనిజం ఉందో లేదో చూడడానికి సరిపోతుంది, శాతాలకు చాలదు. అగేట్ కల్వంలో ఆల్కహాల్ పోసి నూరితే దుమ్ము లేవదు; క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కాబట్టి మాస్కు ఎలాగూ ఉండాలి. హోల్డర్లో పొడిని గాజు పలకతో గట్టిగా అదిమితే బయోటైట్ రేకులన్నీ పడుకుంటాయి, 8.8 డిగ్రీల పీక్ లేనిపోని ఎత్తుకు లేస్తుంది. పక్కనుంచో వెనకనుంచో నింపండి. ఉపరితలం 0.1 మి.మీ. కుంగినా, 150 మి.మీ. వ్యాసార్థం ఉన్న చిన్న మిషన్లో పీకులు దాదాపు 0.07 డిగ్రీలు కిందికి జరుగుతాయి. కంగారు పడక్కర్లేదు, క్వార్ట్జ్ 26.64 దగ్గర ఉందో లేదో చూస్తే ఎంత జరిగిందో తెలుస్తుంది. కానీ బయోటైట్ పీక్ ఒకటి సరిగ్గా అక్కడే వచ్చి కూర్చుంటుంది, అందుకే 20.86 కూడా చూడాలి.

ఎక్స్‌ఆర్‌డీ స్కాన్ 5 నుంచి 70 డిగ్రీలు, స్టెప్‌కు 0.02 డిగ్రీలు, స్టెప్‌కు ఒక సెకను అంటే, ఒక్కో కోణం దగ్గర చదివే పాయింట్ డిటెక్టర్‌తో 54 నిమిషాలు. ఇనుము ఎక్కువైతే, ముఖ్యంగా ఇక్కడి ఎర్రమట్టితో కలిపిన ఇటుక శాంపిల్‌లో, బ్యాక్‌గ్రౌండ్ మొత్తం పైకి లేస్తుంది. రాగి కిరణం 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఇనుము తనే ఎక్స్‌రేలు వెదజల్లేలా చేయడానికి 7.11 చాలు. ఆ కిరణాలను వడగట్టే గ్రాఫైట్ మోనోక్రోమేటర్ గానీ, డిటెక్టర్ లెక్కపెట్టే శక్తి కింది హద్దు పెంచడం గానీ, 6.93 ఇచ్చే కోబాల్ట్ ట్యూబు గానీ దారి. సమయం పెంచి లాభం లేదు.

రెండు రిపోర్టులూ చేతికొచ్చాక ఒకదాంతో ఒకటి తూచండి. ఎక్స్‌ఆర్‌డీ పీకుల నుంచి ఖనిజాల శాతాలు తేల్చే రీట్‌వెల్డ్ లెక్క, మైక్రోక్లైన్ అనే పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఖనిజం 40 శాతం అంటోందనుకోండి. మైక్రోక్లైన్‌లో పొటాషియం ఆక్సైడ్ 16.9 శాతం, అంటే దాని వాటాయే 6.8 రావాలి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ 4.5 చూపిస్తే రీట్‌వెల్డే తప్పు, పొడి ఒక వైపుకు పడుకుని ఉంటుంది.

ఇగ్నిషన్ లాస్, అంటే శాంపిల్‌ను కాలిస్తే తగ్గే బరువు, దగ్గర మరీ జాగ్రత్త. గ్యాంగ్‌సా నీళ్లలోని సున్నం గాలి తగిలి కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) అవుతుంది, దాని పీక్ 29.4 దగ్గర. 5 శాతం కాల్సైట్ కాలిస్తే 2.2 శాతం బరువు పోవాలి. అందులోనే 3 శాతం ఉక్కు రవ్వ ఉంటే అది ఆక్సిజన్ పట్టి 1.3 దాకా బరువెక్కుతుంది. తక్కెడ చూపేది 0.9 మాత్రమే. ఆ అంకె చూసి కాల్సైట్ 2 శాతమే అని రాయకండి, అయస్కాంతంతో తీసిన బరువును ముందు లెక్కలో వేయండి.