దుబాయ్‌లో రెయిజ్డ్ ఫ్లోర్ పని: పైన కాదు, కింద చూడాలి

దుబాయ్‌లో ఫ్లోరింగ్ పని అనగానే మనవాళ్లకు టైల్స్, మార్బుల్ గుర్తొస్తాయి. నేను చేసేది రెయిజ్డ్ ఫ్లోర్. ఆఫీసుల్లో కార్పెట్ కింద, డేటా సెంటర్లలో సర్వర్ల కింద ఉండే రెండో నేల ఇది. స్లాబ్ మీద పెడెస్టల్స్ అనే ఉక్కు కాళ్లు నిలబెట్టి, వాటి మీద 600 బై 600 మి.మీ. ప్యానెళ్లు పరుస్తాం. మధ్య ఖాళీలో కరెంటు వైర్లు, డేటా కేబుళ్లు, కొన్నిచోట్ల ఏసీ గాలి పోతాయి. జగిత్యాల నుంచి హెల్పర్‌గా వచ్చాను, ఇప్పుడు ఫోర్‌మన్‌ని. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఏమిటంటే, ఈ ఫ్లోర్ మంచిచెడ్డలన్నీ ప్యానెల్ కిందే ఉంటాయి. కొనేవాళ్లు మాత్రం పైభాగం చూసి కొంటారు.

ఒక టవర్‌లో వేరే కాంట్రాక్టర్ వేసిన ఫ్లోర్ నడిస్తే టకటకలాడుతోందని మమ్మల్ని పిలిచారు. ప్యానెళ్లు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. రెండు కప్పుల సక్షన్ లిఫ్టర్ పెట్టి ఒకటి లేపి, కింద పెడెస్టల్‌ని పట్టుకుని ఊపాను. ఊడి చేతికొచ్చింది. బేస్ ప్లేటుకు జిగురు గట్టిగానే అంటుకుంది. ఆ జిగురు అడుగున బూడిదరంగు సిమెంటు దుమ్ము పలుచగా ఒక పొర. జిగురు దుమ్మును పట్టుకుంది, స్లాబ్‌ని పట్టుకోలేదు. వాక్యూమ్ కొట్టి, సీలర్ పూసి, అది ఆరాక పెట్టాల్సిన జిగురు అది. అలాంటి పెడెస్టల్ పైనుంచి పడే బరువు మోస్తుంది కానీ, పక్కకు తోస్తే ఒరిగిపోతుంది. అందుకే మా టీమ్‌లో జిగురు గట్టిపడ్డాక ప్రతి వరుసలో కొన్నింటిని లాగి చూడకుండా ప్యానెల్ పరచనివ్వను.

ఎంపికలో మొదట తేలాల్సింది ఎత్తు. మామూలు ఆఫీసుకు 150 మి.మీ. చాలావరకు సరిపోతుంది. కానీ అందులోనే ప్యానెల్ మందం పోవాలి, నేలలో ప్లగ్గులుండే ఫ్లోర్ బాక్సు లోతు పోవాలి. రెండు కేబుల్ ట్రేలు ఒకదాన్నొకటి దాటే చోట ఇంకా ఇరుకు. గొడవంతా ఆ దాటే చోట్లలోనే వస్తుంది, కాబట్టి డ్రాయింగ్ మీద వాటిని ముందే గుర్తుపెట్టించుకోవాలి. కింద నుంచి చల్లగాలి పంపే డేటా హాల్‌కి 600 మి.మీ., అంతకన్నా ఎక్కువ కూడా అడుగుతారు. కొత్త డేటా హాళ్లలో కొన్ని రెయిజ్డ్ ఫ్లోర్ లేకుండా సర్వర్లుండే ర్యాకుల్ని నేరుగా స్లాబ్ మీద పెట్టి, కేబుళ్లు పైనుంచి తెస్తున్నాయి. నాకు అన్నం పెట్టేది ఈ ఫ్లోరే అయినా, కింద నుంచి గాలి అక్కర్లేనప్పుడు అదే సరైన పని అంటాను.

ప్యానెళ్లలో చిప్‌బోర్డువి తేలిక, చవక. నీళ్లు తగిలితే ఉబ్బుతాయి. ఉక్కు రేకుల మధ్య సిమెంటు నింపినవి గట్టివి. కాల్షియం సల్ఫేట్‌వి నడిచేటప్పుడు చప్పుడు తక్కువ, నిప్పుకు తట్టుకుంటాయి, ఒక్కోటి పదిహేను కిలోల పైమాటే. గల్ఫ్‌లో వీటితో ఒక జాగ్రత్త ఉంది. ఏసీ ఇంకా రాని బిల్డింగ్‌లో, ఆగస్టు ఉక్కపోతలో ప్యాలెట్లు విప్పి వదిలేస్తే తేమ లాగుతాయి. అద్దాలు బిగించి, ఏసీ నడిచాకే సరుకు పైకి ఎక్కిస్తామని మా సైట్ ఇంజనీర్ చేత రాయించి ఇప్పిస్తాను. పని లేటవుతోందని మెయిన్ కాంట్రాక్టర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. టెన్షనే, అయినా ఈ ఒక్క విషయంలో తగ్గను.

ఇక బరువు సంగతి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12825 ప్యానెళ్లను అవి విరిగే బరువును బట్టి 6 తరగతులు చేసింది. 2వ తరగతి అంటే కనీసం 6 కిలోన్యూటన్లు, 5వది 10, 6వది 12. సేఫ్టీ ఫ్యాక్టర్ 2 తీసుకుంటే, అంటే విరిగే బరువులో సగమే పెడితే, 2వ తరగతి ప్యానెల్ మీద ఒకచోట పెట్టదగింది 3 కిలోన్యూటన్లు, సుమారు 300 కిలోలు. వెయ్యి కిలోల ర్యాకు నాలుగు చక్రాల మీద నిలబడితే చక్రానికి 250. కాగితం మీద సరిపోయినట్టే. కానీ ఆ ర్యాకు లిఫ్టు దగ్గర నుంచి దొర్లుకుంటూ రావాలి కదా! దారిలో ఒక చక్రం కాస్త లేచిందంటే దాని బరువు మిగతా వాటి మీద పడుతుంది. అమెరికాలోని సిస్కా అనే నిర్మాణరంగ సంఘం పద్ధతిలో ఈ దొర్లే బరువుకు విడిగా పరీక్ష ఉంది, చక్రాన్ని 10 సార్లు ఒకటి, 10,000 సార్లు ఇంకొకటి నడిపి చూస్తారు. సేల్స్‌మన్ ఇచ్చే షీట్‌లో ఆ అంకె లేకపోతే అడిగి తెప్పించుకోండి. ర్యాకులు వచ్చే రోజు దారి పొడవునా ప్లైవుడ్ పరిపించండి.

పరిచే పనిలో అందరూ తొందరపడేది మొదటి గీత దగ్గరే. సిరిసిల్ల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఒకరోజు అడిగాడు.

"అన్నా, గోడ పక్కనుంచి మొదలువెడితే జల్ది అయితది గదా?"

"గోడ సక్కగ ఉన్నదని నీకెవరు జెప్పిండ్రు తమ్మీ?"

ఇద్దరం కలిసి రెండు దారాలు కట్టాం. అవి కలిసే చోటు నుంచి ఒకదాని మీద 3 మీటర్లు, ఇంకోదాని మీద 4 మీటర్లు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 మీటర్లు వచ్చేదాకా దారం జరిపాం. అప్పుడు మూల కచ్చితంగా 90 డిగ్రీలకు కుదిరినట్టు. తర్వాత టేప్ పెట్టి చూస్తే గోడ ఒక చివర లోపలికి, ఇంకో చివర బయటికి పోతోంది. గోడనే నమ్ముకుంటే ఆ వంకర హాలంతా పాకేది. అందుకే మధ్య నుంచి లెక్క వేసి, అంచుల్లో సన్నటి ముక్కలు రాకుండా సర్దుతాం. నాలుగు వేళ్ల వెడల్పు ముక్క ఏ పెడెస్టల్ మీదా సరిగ్గా కూర్చోదు.

మేం పని అప్పజెప్పాక కేబుల్ వాళ్లు వస్తారు. వాళ్ల తొందర వాళ్లది, నిజమే. కానీ వరుసగా ఇరవై ప్యానెళ్లు లేపి, పెడెస్టల్స్‌ని ఒకదానితో ఒకటి కలిపే స్ట్రింగర్లు అనే అడ్డకమ్మీలు కూడా అడ్డొచ్చాయని విప్పేస్తే పెడెస్టల్స్‌ని పక్కనుంచి పట్టుకునేది ఏదీ ఉండదు. ఒకటి విడిచి ఒకటి లేపమని, లేపిన చోట చుట్టూ బారికేడ్ పెట్టమని రోజూ చెబుతూనే ఉంటాను. తెరిచిన గుంతలో కాలు పడి చీలమండ విరిగినవాడిని నేను చూశాను.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదు. మంచి రూలు. మాది లోపలి పని కాబట్టి అది మాకు వర్తించదు. కానీ గాలాడని ఇరవయ్యో అంతస్తులో, ఏసీ రాకముందు, మోకాళ్ల మీద కూర్చుని జిగురు పూసేవాడికి ఎండ లేకపోయినా తల తిరుగుతుంది. పెద్ద ఫ్యాన్లు, చల్లటి నీళ్లు, తెల్లవారకముందే మొదలయ్యే షిఫ్టు కోసం ఫోర్‌మన్ గట్టిగా అడగాలి. మనం అడగకపోతే హెల్పర్ నోరు తెరవడు, వాడికి వీసా భయం.

మన ఊళ్ల నుంచి ఈ పనికి వచ్చే తమ్ముళ్లు మొదటి ఏడాదిలోనే మట్టం చూసే లేజర్ పెట్టడం, డ్రాయింగ్ చదవడం నేర్చుకోండి. హెల్పర్‌కీ, ఫ్లోర్ బిగించే ఫిక్సర్‌కీ జీతంలో తేడా తెచ్చేది అదే. కంపెనీ ఇచ్చేదాకా ఆగకుండా మొదటి నెలే మంచి మోకాలి ప్యాడ్లు కొనుక్కోండి.