వార్డులో వినిపించే ఇంగ్లీషు

ఒడిశాలోని బరంపురంలో, పర్లాకిమిడిలో నర్సింగ్ చదివి బ్రిటన్ వెళ్ళాలనుకునే మన తెలుగు పిల్లలు, నేను సెలవుకు ఊరికి వచ్చినప్పుడల్లా ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష గురించి అడుగుతారు. అక్కడి నర్సింగ్ మండలి 2017 నుంచి దీన్ని కూడా అంగీకరిస్తున్నది. వైద్యరంగంలో వాడే ఇంగ్లీషునే పరీక్షిస్తుంది కనుక మనవాళ్ళకు అనువైనదే. అయితే ఉత్తర ఇంగ్లండులో వృద్ధుల వార్డులో పనిచేస్తున్న నేను వాళ్ళకు ముందుగా చెప్పేది, రోగి తన బాధ చెప్పుకునే ఇంగ్లీషు పరీక్ష పుస్తకాలలో అంతగా కనబడదని.

అక్కడి పెద్దవాళ్ళు ఒంట్లో బాగోలేదనడానికి ‘పూర్లీ’ అనో ‘అండర్ ద వెదర్’ అనో అంటారు. ‘నాట్ టూ క్లెవర్’ అన్నా అదే అర్థం, తెలివితేటలతో దానికి సంబంధం లేదు. మూత్ర సంబంధమైన ఇబ్బందిని ‘వాటర్‌వర్క్స్’ అంటారు. ‘స్పెండ్ ఎ పెన్నీ’ అంటే మూత్రానికి వెళ్ళాలని. ఒకప్పుడు అక్కడి బహిరంగ మరుగుదొడ్ల తలుపు పెన్నీ నాణెం వేస్తేనే తెరుచుకునేది. 1971లో నాణేల పద్ధతి మారినా మాట మిగిలింది. నీళ్ళోసుకుందని, అమ్మవారు పోసిందని చెప్పుకునే మనకు ఇందులో వింతేమీ ఉండకూడదు. శరీరం సంగతి చాటుగా చెప్పడం మర్యాదని ఏ ఊరి పెద్దలైనా అనుకుంటారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసిన మాట ‘ఫన్నీ టర్న్’. ఇందులో నవ్వులాటేమీ లేదు. ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మినా, మాట తడబడినా, స్పృహ తప్పబోయినా ఇలాగే అంటారు. ఒక సాయంత్రం ఎనభై దాటిన ఒకావిడ ‘హ్యాడ్ ఎ ఫన్నీ టర్న్, లవ్’ అని తేలిగ్గా చెప్పి కప్పు అందుకోబోయింది. కుడిచేతిలో కప్పు పక్కకు ఒరిగి టీ దుప్పటి మీద ఒలికింది, ఆవిడ దాన్ని గమనించనే లేదు. నవ్వమని, రెండు చేతులూ పైకెత్తమని అడిగి, వెంటనే డాక్టరును పిలిచాను. ముఖం, చేతులు, మాట అన్న మూడు గుర్తులను, సమయం వృథా చేయకూడదన్న హెచ్చరికను పక్షవాతం విషయంలో 2009 నుంచి అక్కడి ప్రభుత్వం విస్తృతంగా ప్రచారం చేస్తున్నది. ఆ గుర్తులు చూడాలన్న ఆలోచన రావాలంటే ముందు ఆ మాట అర్థం కావాలి.

ఉత్తరాదిలో ‘టీ’ అంటే చాలామందికి సాయంత్రపు భోజనం. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునే చక్కెర రోగి ‘టీ అయింది’ అంటే, తేనీరనుకుని సరిపెట్టుకోకుండా ఏమి తిన్నారో అడగాలి. ఎంత నొప్పి ఉన్నా ‘మస్ట్‌న్ట్ గ్రంబుల్’, అంటే ఫిర్యాదు చేయకూడదు, అని ఊరుకునేవారూ ఉంటారు. అలాంటివారిని సున్నా నుంచి పది వరకు నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారో అడిగి, ముఖం కూడా చూడాలి.

డాక్టరు ‘టచ్ అండ్ గో’ అంటే ప్రాణాపాయ స్థితి, ‘అవుట్ ఆఫ్ ద వుడ్స్’ అంటే గండం గట్టెక్కింది. తోటి నర్సులు అలసిపోతే ‘నాకర్డ్’, సంతోషిస్తే ‘చఫ్డ్’, మనసు చిన్నబోతే ‘గటెడ్’ అంటారు. ఇవి వింటూ ఉంటే నెలల్లో అలవడతాయి.

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన మా ప్రాంతపు పిల్లలకు చెవి సిద్ధంగానే ఉంటుంది. అర్థం కానప్పుడు తలూపి ఊరుకోక, ‘ఎక్కడో చూపించండి, ఎప్పటినుంచో చెప్పండి’ అని అడగమంటాను. అడిగితే అక్కడెవరూ చిన్నచూపు చూడరు. రికార్డులో మాత్రం రోగి అన్న మాటను ఉన్నదున్నట్టు కొటేషన్లలో రాసి, మనం గమనించింది దాని కింద విడిగా రాయాలి.