దొంగ మస్టరు, గేటు రిజిస్టరు

మేముండేది బోస్టన్‌కు పడమరగా, మాస్ పైక్ హైవేకు దగ్గర్లో ఒక ఊరు. పేరెందుకులెండి, రోజూ అదే రోడ్ల మీద కారు నడపాలి. పోయినేడు మా ఊళ్లో ఆస్తిపన్ను పెంచడానికి ఓటింగ్ పెట్టారు. మసాచుసెట్స్‌లో 1980 నుంచి ఒక చట్టం ఉంది. కొత్త కట్టడాల లెక్క తీసేస్తే, ఊరు వసూలు చేసే మొత్తం ఆస్తిపన్ను ఏడాదికి 2.5 శాతం మించి పెరగాలంటే జనం ఒప్పుకోవాలి. ఓటు వేసేముందు లెక్కలు చూద్దామని టౌన్ బడ్జెట్ పుస్తకం మొదటిసారి తెరిచాను. పన్ను పెంచకపోతే మా అమ్మాయి స్కూల్లో మ్యూజిక్ టీచర్ పోస్టు పోతుందట. పోలీసు ఓటీ (ఓవర్‌టైమ్, అంటే అదనపు గంటల జీతం) లైను మాత్రం మూడేళ్లుగా బడ్జెట్ దాటిపోతూనే ఉంది.

నాకు అనుమానం రావడానికి కారణం ఆ పుస్తకం ఒక్కటే కాదు. ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్లకు 2018 గుర్తుండే ఉంటుంది. మాస్ పైక్ మీద తిరిగే స్టేట్ పోలీసు దళం 'ట్రూప్-E' వాళ్లు చెయ్యని ఓటీ షిఫ్టులకు డబ్బు తీసుకున్నారని బయటపడింది. సొంత శాఖ ఆడిట్‌లోనే 46 మంది తేలారు. కొందరు రాయని చలాన్లు రాసినట్టు చూపించారు. అప్పటి గవర్నర్ బేకర్ ఆ ట్రూప్‌నే ఎత్తేశారు. కోర్టుకెళ్లినవాళ్లలో కొందరికి పడిన జైలు ఒక్కరోజు. తర్వాత యూనియన్ వంతు వచ్చింది. ట్రూపర్ల (స్టేట్ పోలీసుల) యూనియన్ మాజీ అధ్యక్షుడు డానా పుల్‌మన్, యూనియన్ తరఫున ప్రభుత్వం దగ్గర పైరవీలు చేసిన లాబీయిస్టు యాన్ లించ్ ముడుపుల కేసులో దోషులని 2022 నవంబరులో జ్యూరీ తేల్చింది. ఆ యూనియన్ పేరును పొడి అక్షరాల్లో రాస్తే స్పామ్ అని వస్తుంది. నేను కల్పించింది కాదు.

అది రాష్ట్రం సంగతి. మా ఊరి పోలీసులు తప్పు చేశారని నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కాగితాలు అడిగే హక్కు మాత్రం ఉంది. మన దగ్గర సమాచార హక్కు చట్టం లాంటిదే ఇక్కడా ఉంది. అక్కడ ముప్పై రోజుల గడువు, ఇక్కడ పది పనిదినాలు. కారణం చెప్పక్కర్లేదు, ఈమెయిల్ చాలు. "మూడేళ్ల పోలీసు ఓవర్‌టైమ్ రికార్డులన్నీ" అని ఒక్క వాక్యం రాసి పంపేశాను.

పదో రోజున జవాబు వచ్చింది, బిల్లుతో సహా. అరవై నాలుగు గంటల పని, అందులో మొదటి రెండు గంటలు ఉచితం, మిగతావి గంటకు 25 డాలర్ల చొప్పున 1,550 డాలర్లు. కోపం వచ్చింది. కానీ ఇరవై వేలు దాటిన జనాభా ఉన్న ఊళ్లకు ఆ రెండు గంటలు, ఆ 25 డాలర్ల పరిమితి చట్టంలో ఉన్నవే. ఊరంతా కావాలని అడిగింది నేనే కదా. "మనకెందుకండీ ఈ గోల" అంది మా ఆవిడ, మెయిల్ చదివి.

ఆ ఆదివారం ఫోన్లో నాన్నకు చెప్పాను. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు టైమ్ కీపర్‌గా చేశారు. ఎక్కడ ఎలా దొంగ ఓటీ రాస్తారో ఆయనకు తెలిసినంతగా నాకు తెలిసిన ఏ ఆడిటర్‌కూ తెలీదు.

"ఏరా, ఏం అడిగావు?"

"ఓటీ రికార్డులన్నీ."

"మస్టరు చూస్తే నీకేం దొరుకుతుందిరా? మస్టరెప్పుడూ సరిగ్గానే ఉంటుంది. దొంగ మస్టరైతే ఇంకా నీటుగా ఉంటుంది. గేటు రిజిస్టరు తెప్పించు."

మస్టరంటే హాజరు పట్టీ, అది రాసేది డబ్బు తీసుకునేవాళ్ల మనిషి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆ డబ్బుతో సంబంధం లేదు, ఎవడు ఎప్పుడొచ్చాడో ఎప్పుడెళ్లాడో రాసుకుంటాడంతే. రెండూ పక్కపక్కన పెట్టాలి. తర్వాత చదివితే తెలిసింది, ట్రూప్-E కేసులో జరిగిందీ ఇదే. జీతం కాగితాల పక్కన చలాన్లు, కారు రేడియో రికార్డులు పెట్టి చూశారు.

మరి మా ఊళ్లో గేటు రిజిస్టరు ఏది? రెండు రోజులు ఆలోచించాను. ఈ రాష్ట్రంలో రోడ్డు తవ్వితే పక్కన పోలీసు నిలబడి ట్రాఫిక్ చూస్తాడు. దాన్ని డీటెయిల్ డ్యూటీ అంటారు. మామూలు డ్యూటీకి అదనం, డబ్బు వేరే. ప్రైవేటు కంపెనీ తవ్వితే ఖర్చు కంపెనీది, ఊరే తవ్వితే మనది. ఆ వసంతంలో మా వీధి దగ్గర్లో ఊరే నీటి పైపులు మార్పించింది. అక్కడ పబ్లిక్ వర్క్స్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన పసుపు కోటు వేసుకుని రోజూ పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండేవాడు. అదే నా గేటు రిజిస్టరు.

ఈసారి అడిగింది మూడే: ఏప్రిల్, మే నెలల్లో ఆ ఒక్క పనికి సంబంధించిన డీటెయిల్ స్లిప్పులు, అవే రోజుల ఇన్‌స్పెక్టర్ డైలీ రిపోర్టులు, పోలీసు యూనియన్‌తో ఊరు చేసుకున్న అగ్రిమెంటు. బిల్లు 75 డాలర్లకు దిగింది. కట్టేశాను.

వచ్చిన స్లిప్పుల్లో ఆఫీసర్ల పేర్ల మీద నల్లపట్టీలు. పేరు లేకపోతే ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో పోల్చడమెలా? ప్రభుత్వ ఉద్యోగి పేరు, జీతం ఈ రాష్ట్రంలో దాచే విషయాలు కావు, స్టేట్ కంప్ట్రోలర్ వెబ్‌సైట్లో రాష్ట్ర ఉద్యోగుల జీతాలు ఎవరైనా చూడొచ్చు. అదే రాసి, రికార్డుల అప్పీళ్లు చూసే రాష్ట్ర అధికారి సూపర్‌వైజర్ ఆఫ్ రికార్డ్స్‌కు అప్పీలు పెట్టాను. దీనికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన 90 రోజుల్లోపు పెట్టాలి, మన అర్జీ, వాళ్ల జవాబు రెండూ జతచెయ్యాలి. నేను మొదట జవాబు జతచెయ్యడం మర్చిపోయి వారం పోగొట్టుకున్నాను. చివరికి పేర్లు ఇవ్వమని ఆర్డరు వచ్చింది. మొత్తం పదకొండు వారాలు పట్టింది.

డెబ్భై ఒక్క స్లిప్పులు. భోజనాల బల్ల మీద తేదీలవారీగా పరిచి, ఎదురుగా ఇన్‌స్పెక్టర్ రిపోర్టులు పెట్టాం. మా అమ్మాయి తేదీలు చదివింది, నేను టిక్కు పెట్టాను. తొమ్మిది రోజులు తేడా వచ్చాయి. ఒకరోజు రిపోర్టులో "తొమ్మిదింబావుకు పని ఆగింది, పైపు ఫిట్టింగులు రాలేదు" అని ఉంది. పోలీసు స్లిప్పు మీద నాలుగు గంటలు. దొరికిందనుకున్నాను. అగ్రిమెంటు తిరగేస్తే, డీటెయిల్‌కు వస్తే కనీసం నాలుగు గంటల డబ్బు ఇవ్వాలని ఉంది. నాలుగు దాటితే ఎనిమిది కింద లెక్క. తొమ్మిదిలో ఆరు ఇలాగే కొట్టుకుపోయాయి. గంటంబావు నిలబడి నాలుగు గంటల జీతం తీసుకోవడం దొంగతనం కాదు, బేరమాడి సంతకాలు పెట్టుకున్న హక్కు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది దీనికే. ఆ సంతకాల్లో యూనియన్ సంతకం ఒకటైతే, మేం ఓటేసి ఎన్నుకున్న ఊరి బోర్డువి మిగతావి.

మిగిలినవి మూడు. రెండు రోజులు రిపోర్టులో "వాన, పని లేదు" అని ఉంది, స్లిప్పు మీద ఎనిమిదేసి గంటలు. మూడోది మరీ తమాషా. ఒకే ఆఫీసరు నాలుగింటి దాకా మా వీధిలో ఉన్నాడు, మూడింటి నుంచి స్టేషన్లో షిఫ్టు మీదా ఉన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టానని మా ఆవిడ నవ్వింది.

మూడు స్లిప్పుల కాపీలు బోర్డు మీటింగులో ఇచ్చాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గొంతు కొంచెం వణికింది. ఆరోపణ అనలేదు, "ఈ రెండు కాగితాలు కలవట్లేదు, ఏది సరైనది?" అని మాత్రం అడిగాను. యూనియన్ తరఫున వచ్చినాయన లేచి, నాలుగు పోస్టులు ఖాళీగా ఉన్నాయనీ, వద్దన్నా డబుల్ షిఫ్టు వేస్తున్నారనీ, జనవరి మంచులో ఒక రాత్రి నిలబడి చూడండనీ అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఖాళీల వల్ల పెరిగిన ఓటీ వేరు, వానరోజు స్లిప్పు వేరు. ఆయన రెండూ కలిపేసి మాట్లాడాడు. నిజానికి బడ్జెట్ పుస్తకం చూసినరోజు నేనూ అలాగే కలిపేసుకున్నాను.

ఆరు వారాలకు ఒక పేజీ ఉత్తరం వచ్చింది. మూడూ రాసేటప్పుడు జరిగిన పొరపాట్లట, సరిచేసి తేడా డబ్బు వెనక్కి జమ చేశారట. ఎంతో చెప్పలేదు. ఎవరి మీదా చర్య ఉన్నట్టు లేదు. కొత్త స్లిప్పు నమూనా మాత్రం జతచేశారు. కింద అదనంగా ఒక గడి ఉంది, పని ముగిసిన టైము వేసి ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాలి.

దాన్ని ఫోటో తీసి నాన్నకు పంపాను. "గడి పెట్టారు సరే, నిండుతోందా?" అన్నారు. అక్టోబరు స్లిప్పుల కోసం నిన్ననే మళ్లీ మెయిల్ పెట్టాను.