సొరంగం, సముద్రం, మళ్లీ సొరంగం

లా స్పెజియా నుంచి జెనోవాకి రైల్లో వెళ్తుంటే ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు. సముద్రం కనబడిందని ఫోన్ తీసేలోపు సొరంగం! ఇటలీలో ఈ లిగూరియా తీరమంతా ఇంతే. కొండలు తిన్నగా నీళ్లలోకి దిగిపోతాయి, చదును నేల వెతుక్కోవాలి. సుమారు 15 లక్షల జనాభాలో సగానికి పైగా జెనోవా, దాని చుట్టుపక్కలే ఉంటారు. అక్కడ ఓడరేవే అన్నం పెడుతుంది.

ఇదే తీరంలోని మనరోలా అనే ఊళ్లో ద్రాక్షతోటలు ఎక్కాను (ఎక్కడమే మరి!). సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, మధ్యలో మంచమంత మడి. కోసిన కాయ దింపడానికి ఒంటి పట్టా మీద నడిచే బుల్లి బండి. కూలిన గోడకి రాళ్లు పేరుస్తున్నాయనకి డెబ్బై దాటినట్టున్నాయి. కుర్రాళ్లంతా కింద టూరిస్టులకి గదులు అద్దెకిస్తున్నారట.

నేను దిగిందీ అలాంటి గదిలోనే.