నూనె వేసేముందు స్పాంజ్ బార్ చూడండి

పాత బ్రదర్ కంపెనీ నిట్టింగ్ మిషన్ చేతికి రాగానే అందరూ ముందు నూనె సీసా కోసం వెతుకుతారు. ముందు చూడాల్సింది స్పాంజ్ బార్‌ని. కెహెచ్-881 లాంటి స్టాండర్డ్ గేజ్ మిషన్‌లో 4.5 మిల్లీమీటర్ల ఎడంతో 200 సూదులుంటాయి. వాటి మీదుగా బెడ్ పొడవునా ఒక సన్నని లోహపు పట్టీ దూరి ఉంటుంది, దాని అడుగున స్పాంజ్ అంటించి ఉంటుంది. సూదుల్ని అణిచి పట్టేది అదే. మిషన్ వాడినా వాడకపోయినా ఆ స్పాంజ్ ఏళ్ల తరబడి చచ్చుబడిపోయి, జిగటగానో పొడిగానో మారుతుంది. సూదులు తలలెత్తుతాయి, లూపులు జారతాయి, క్యారేజ్ (సూదుల మీదుగా అటూ ఇటూ తోసే భాగం) మధ్యలో బిగుసుకుంటుంది. సూదులే పాడయ్యాయనుకుని కొత్తవి కొంటే డబ్బు దండగ.

పది సూదుల్ని ఇ స్థానానికి, అంటే పూర్తిగా ముందుకు తెచ్చి, కొక్కేల్ని వేలితో కాస్త పైకెత్తండి. స్పాంజ్ బాగుంటే వేలికి బలంగా ఎదురొత్తుతుంది. పోయి ఉంటే సూదులు వదులుగా ఊగుతాయి.

బార్ తీయాలంటే క్యారేజ్ పక్కన పెట్టి, ఒక చివరను మొండి పనిముట్టుతో లోపలికి తోయాలి. రెండో చివర బయటికి రాగానే పటకారుతో పట్టి లాగాలి. కొత్త బార్ దొరక్కపోతే పాతదాన్నే బాగుచేయొచ్చు. కుళ్లిన స్పాంజ్‌ని ఐస్‌క్రీమ్ పుల్లతో గీకి, జిగురును స్పిరిట్‌తో తుడిచి, కొత్త ఫోమ్ పట్టీ అంటించి, దాని మీద పలుచని రిబ్బన్ వేయండి. రిబ్బన్ లేకపోతే సూదులు ఫోమ్‌ని కొరికేస్తాయి. తిరిగి దూర్చేటప్పుడు స్పాంజ్ కిందికి, లోహం పైకి ఉండాలి. స్కేలుతో సూదుల్ని అణిచిపెట్టి, బార్ వాటి పైనుంచే వెళ్లేలా తోయండి. ఒక్క సూది బార్ పైన ఉండిపోయినా క్యారేజ్ అక్కడే తట్టుకుంటుంది.

బార్ బయట ఉండగానే సూదులు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టండి. అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. వంకరపోయినదాన్ని సరిచేయాలని చూడకుండా మార్చేయడమే మంచిది. లాచ్, అంటే కొక్కేన్ని మూసే చిన్న రేకు, ఏ అడ్డూ లేకుండా తెరుచుకుని మూసుకోవాలి. మధ్య సూదులకే పని ఎక్కువ కాబట్టి అవే ముందు అరుగుతాయి. వాటిని చివరల్లోని సూదులతో మార్చుకోవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు కూడా చూసుకోండి.

క్యారేజ్ బటన్లు కదలకపోతే కారణం గట్టిపడిన పాత నూనె. క్యారేజ్‌ని బోర్లించి, ఇయర్‌బడ్‌తో ఆల్కహాల్ చుక్కలు వేసి, కాసేపాగి మెల్లగా కదిలించండి. థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. క్యారేజ్ ముందు మరలతో బిగించే సింకర్ ప్లేట్‌లోని బ్రష్ చక్రాల కింద చుట్టుకున్న ఉన్ని పోగుల్ని క్రోషే సూదితో లాగేయండి. చక్రాలు వేలితో తోస్తే తిరగాలి.

ఇక నూనె. కుట్టుమిషన్ నూనె చాలు, కొబ్బరినూనె బంకగా మారిపోతుంది. నేరుగా పోయకుండా, గుడ్డకి కొద్దిగా అద్ది క్యారేజ్ జారే పట్టాలనీ సూదుల కాళ్లనీ తుడవండి.

అల్లుతుంటే క్యారేజ్ బిగుసుకుంటే బలవంతంగా తోయొద్దు. సింకర్ ప్లేట్ మరలు విప్పి, ప్లేట్ తీసి, క్యారేజ్ మీది నాబ్‌ని సి.ఆర్. (క్యారేజ్ రిలీజ్) మీదికి తిప్పితే క్యారేజ్ పైకి లేస్తుంది.

పాసాప్ అనే మరో కంపెనీ మిషన్లకి స్పాంజ్ బార్ ఉండదు, ఈ గొడవంతా వాటికి లేదు.

అన్నీ బిగించాక తెల్లని వృథా ఉన్నితో, టెన్షన్ (కుట్టు సైజు) డయల్ 7 దగ్గర పెట్టి, 30 వరసలు అల్లి చూడండి. బట్ట మీద నల్లని నూనె చారలు ఆగాకే మంచి ఉన్ని ఎక్కించాలి.