టీవీ సైన్స్ ఫిక్షన్‌లో ఆడపాత్రల మీద పీహెచ్‌డీ టాపిక్ పాస్ చేయించుకోవడం – నా అనుభవం

అప్రూవల్ లెటర్ ఇప్పుడే చేతికొచ్చింది, ఒళ్ళుమంట చల్లారకముందే రాసేస్తున్నా. టీవీ సైన్స్ ఫిక్షన్‌లో ఆడపాత్రల జెండర్, సెక్సువాలిటీని ఎలా చూపించారు అన్నది నా టాపిక్. అప్లికేషన్, ఫీజు, గైడ్ సంతకం అన్నీ సాఫీగా అయిపోయాయి. సినాప్సిస్ (ఏం పరిశోధిస్తామో చెప్పే ప్లాన్) ఫార్మాట్ సీనియర్లనడిగితే ఇస్తారు.

నరకమంతా కమిటీ ముందు ప్రెజెంటేషన్‌లోనే. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియళ్ళలో ఒకటైన వాయేజర్‌లోని సెవెన్ ఆఫ్ నైన్ అనే ఆడపాత్ర ఫొటో స్లైడ్ వేశాను. 1997లో ఆ పాత్రని తెచ్చి ఒంటికి అతుక్కుపోయే డ్రెస్ వేశారు, పాత్రేమో తెలివిలో ఎవరికీ తీసిపోదు, డైలాగులు ఒకటి చెప్తుంటే కెమెరా ఇంకోటి చూస్తుంటుంది అని నేను చెప్తుండగానే ఒక పెద్దాయన "ఏమ్మా, ఇవి చూసినందుకు కూడా పీహెచ్‌డీ ఇవ్వాలా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. నా గైడ్ తలొంచుకుని ఫైలు తిరగేస్తూ కూర్చున్నారు. ఒక ఆడపిల్ల చదివి వచ్చి మాట్లాడుతుంటే అలా నవ్వడం ఏం సంస్కారమో!

నేను ఆపలేదు, అసలు పాయింట్‌కి వెళ్ళాను. స్టార్ ట్రెక్‌లో ట్రిల్ అని ఒక జాతి, కొందరి ఒంట్లో ఇంకో జీవి ఉంటుంది, ఆ మనిషి పోతే జ్ఞాపకాలతో సహా అది వేరే ఒంట్లోకి మారుతుంది. 1991లో వచ్చిన 'ది హోస్ట్' ఎపిసోడ్‌లో డాక్టర్ క్రషర్ ప్రేమించిన ఓడాన్ అనే ట్రిల్ చివరికి ఆడ శరీరంలో వస్తే, ఇన్ని మార్పులు నావల్ల కాదని ఆమె తప్పుకుంటుంది. 1995లో ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ డీప్ స్పేస్ నైన్‌లో 'రీజాయిన్డ్' ఎపిసోడ్ వచ్చింది. జాడ్జియా, లెనారాల్లో ఉన్న జీవులు పాత శరీరాల్లో భార్యాభర్తలు, ఇప్పుడు ఇద్దరూ ఆడవాళ్ళే, ముద్దు పెట్టుకుంటారు. వాళ్ళ జాతిలో నేరం పాత బంధాన్ని మళ్ళీ కలుపుకోవడం, దానికి శిక్ష వెలి. ఇద్దరూ ఆడవాళ్ళేగా అని ఎపిసోడ్ మొత్తంలో ఒక్కరూ అనరు.

"ఎవరూ అననప్పుడు ఇందులో జెండర్ ఎక్కడుందమ్మా?" అన్నాడు అదే ఆయన. అదే కదా సార్ నేను చెప్పేది, అదే జాతి, నాలుగేళ్ళ కింద అడ్డొచ్చిన ఆడ శరీరం ఇక్కడ ఎవరికీ పట్టలేదు, అయినా లెనారా వదిలేసి వెళ్ళిపోతుంది, బయట లోకంలో ఉన్న నిషేధాన్నే ఇంకో పేరుతో కథలో పెట్టారు అన్నాను. జవాబు లేదు. "రివైజ్ చేసి తీసుకురండి" అని కాగితం వచ్చింది, ఏం రివైజ్ చేయాలో ఒక్క ముక్క లేదు! ఆఫీసులో అడిగితే కమిటీనడగమంటారు, కమిటీ ఏమో గైడ్‌నడగమంటుంది.

చివరికి జెండర్ ఎక్కడుందని ఆయనడిగిన ప్రశ్ననే సినాప్సిస్ మొదటి పేజీలో పెట్టి దానికి జవాబుగా మిగతాదంతా రాశాను. 2016లో 'ది 100' అనే సీరియల్లో క్లార్క్ అనే అమ్మాయితో దగ్గరైన వెంటనే లెక్సా అనే అమ్మాయిని దారితప్పిన తూటాతో చంపేయడం, ప్రేక్షకుల గొడవకి షో నడిపినాయన క్షమాపణ చెప్పడం కూడా చేర్చాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆయన నోరెత్తలేదు, బయట్నుంచి వచ్చిన మేడమ్ అయితే ఈ మధ్య ఇంత గట్టి సినాప్సిస్ చూడలేదన్నారు. రాసింది నేను, చెప్పుకుంటాను.

మీరు వెళ్ళేటప్పుడు గైడ్ మాట్లాడతారని కూర్చోకండి. స్లైడ్లలోంచి ఫొటోలు తీసేయమంటారు, తీసేయకండి. అభ్యంతరాలు మాత్రం అక్కడికక్కడే రాతలో అడగండి, లేకపోతే ఆఫీసు చుట్టూ తిప్పుతారు.