కప్పు ఫైనల్‌కు పాట విడుదల చేయబోయి నేను పడిన పాట్లు: నా అనుభవం

ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ జరిగే వారంలో అభిమానుల కోసం ఒక పాట విడుదల చేయాలన్నది నా చిరకాల కోరిక. ఈ ఆటకూ పాటకూ బంధం పాతదే: ఇంగ్లండ్‌లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు ముందు మైదానమంతా కలిసి ఒక కీర్తన పాడే ఆచారం 1927 నుంచి వస్తోంది, 1970 ప్రపంచకప్పుకు వెళ్ళిన ఇంగ్లండ్ ఆటగాళ్ళు పాడిన పాట అక్కడి పాటల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. పైగా 2015 జులై నుంచి చాలా దేశాల్లో కొత్త పాటలు శుక్రవారమే వస్తున్నాయి కనుక, వారాంతపు ఫైనల్‌కు అది ముహూర్తం పెట్టినట్టే కుదిరింది.

రికార్డింగ్ సాఫీగా సాగింది. ప్రతి రికార్డింగ్‌కూ గుర్తింపు సంఖ్యగా ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ను, పాటను ఆన్‌లైన్ వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటరే ఇచ్చాడు. ట్రోఫీ బొమ్మ, పోటీ చిహ్నం ట్రేడ్‌మార్కుల కిందికి వస్తాయి కాబట్టి ముఖచిత్రంలో వాటిని వాడలేదు. ప్లేలిస్టులకు పాటలు ఎంచే స్పాటిఫై సంపాదకులకు విడుదలకు కనీసం 7 రోజుల ముందే పంపాలన్న నియమాన్నీ పాటించాను. పల్లవి విన్నవారు రెండోసారికే గొంతు కలిపారని ఇక్కడ చెప్పుకోకుండా ఉండలేను.

విడుదలైన రోజే యూట్యూబ్‌లోని నా వీడియోపై కాపీరైట్ క్లెయిమ్ పడింది. నలభై ఒకటో సెకను నుంచి నలభై తొమ్మిదో సెకను వరకు వినిపించే డ్రమ్స్ లూప్ (మళ్ళీ మళ్ళీ వాడుకునేలా ముందే రికార్డు చేసి అమ్మే చిన్న ముక్క) తనదని ఎవరో అపరిచితుడు నమోదు చేసుకున్నాడు. ఆ లూప్ నేను డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నది. అతనూ అదే దుకాణంలో కొన్నాడన్నది అతని పాట వినగానే తేలిపోయింది. పదిమందికీ అమ్మే లూప్‌ను, వీడియోల్లోని పాటలు ఎవరివో పోల్చి గుర్తించే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీలో ఎవరూ తమ సొంతమని చూపకూడదన్నది స్పష్టమైన నిబంధన. అయినా నిరూపణ భారమంతా నా నెత్తినే పడింది. రసీదు, లైసెన్సు పత్రం, విడివిడి ట్రాకులు జతచేసి డిస్ట్రిబ్యూటర్‌కు రాస్తే, "ప్రియమైన కళాకారా, ఈ పాట మీదేనని ముందుగా నిర్ధారించండి" అన్న జవాబు వచ్చింది. మళ్ళీ వివరంగా రాస్తే అదే వాక్యం, అదే కామాతో, మళ్ళీ వచ్చింది. నా గొంతుతో పాడి, నా చేత్తో రాసిన పాటకు నేనే దొంగనన్నట్టు సంజాయిషీ ఇచ్చుకోవడం కన్నా అవమానం ఇంకేముంటుంది? ఏటా చందా వసూలు చేసేటప్పుడు మాత్రం ఆ సంస్థకు నా పేరు చక్కగా గుర్తుంటుంది.

చివరికి వాళ్ళను వదిలేసి నేనే నేరుగా యూట్యూబ్‌లో అభ్యంతరం దాఖలు చేశాను. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు దాఖలు చేస్తే మొదటి రోజు నుంచీ వచ్చే ఆదాయాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతారు కనుక, ఇలాంటిది ఎదురైనవారు ముందు ఆ పని చేసి, ఉత్తరప్రత్యుత్తరాలు తరువాత పెట్టుకోవాలి. లైసెన్సు పత్రంలో కొనుగోలుదారు పేరు, లూప్ పేరు రెండూ ఉన్నాయో లేదో కొన్ననాడే చూసుకోవాలి.

జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజుల గడువుంటుంది. ఆ పెద్దమనిషి నోరు మెదపలేదు. గడువు తీరగానే క్లెయిమ్ దానంతటదే రద్దయింది, ఆపిన ఆదాయం నా ఖాతాలో చేరింది. అప్పటికి గెలిచిన జట్టు ఊరేగింపు కూడా ముగిసిపోయింది. లీగ్ పోటీల కోసం రాస్తున్న తరువాతి పాటకు డ్రమ్స్ ఒక మిత్రుడి చేత వాయించి, కొత్త డిస్ట్రిబ్యూటర్‌ను వెతుకుతున్నాను.